వేలి కింద కిలో బరువు: దవడ కీలు నొప్పి అధ్యయనంలో నా అనుభవం

దవడ కీలు నొప్పి మీద నేను చేస్తున్న అధ్యయనంలో నిన్నటితో చివరి పేషెంట్ ఆరు నెలల ఫాలో అప్ అయిపోయింది. ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ పెద్ద కష్టం కాలేదు. ఒక్కటే జాగ్రత్త: మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలి. తర్వాత చేద్దామంటే 2018 ఏప్రిల్ 1 నుంచి తీసుకోవట్లేదు.

నన్ను ఏడిపించింది కాలిబ్రేషనే, అంటే వేలి ఒత్తిడి ప్రతిసారీ సరిగ్గా ఒకేలా ఉండేలా సరిచూసుకోవడం. దవడ కీలు, కండరాల నొప్పిని నిర్ధారించడానికి 1992 నాటి ఆర్‌డీసీ పద్ధతి పోయి 2014లో డీసీ/టీఎండీ అనే కొత్త పద్ధతి వచ్చింది. కణత కండరం మీద, చెంప కండరం మీద ఒక్కోవైపు తొమ్మిదేసి చోట్ల కిలో ఒత్తిడితో రెండు సెకన్లు నొక్కాలి. నొప్పి ఇంకో చోటికి పాకుతోందా అని చూడాలంటే ఐదు సెకన్లు. దవడ కీలు బయటి కొన మీద మాత్రం అరకిలో, దాని చుట్టూ తిప్పి నొక్కేటప్పుడు మళ్లీ కిలో. ఏళ్ల తరబడి దవడలు నొక్కిన చేయి నాది. కాటా మీద నొక్కమంటే 600 గ్రాములు దాటలేదు. "మీ వేలికి బరువు తెలీదండీ," అన్నారు శిక్షణ ఇచ్చిన సీనియర్, జూనియర్లందరి ముందు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అయినా ఆయన చెప్పింది నిజమే. కొందరిని కిలోతో, కొందరిని అరకిలోతో నొక్కితే ఆ లెక్కలకు విలువేముంటుంది?

మీరూ ఇలాంటి అధ్యయనం చేస్తుంటే వంటింటి డిజిటల్ కాటా కొనుక్కోండి. ప్రతి పేషెంట్‌కి ముందు చూపుడు వేలి కొసతో పదిసార్లు నొక్కి చూసుకోండి. గోరు పాలిపోవడాన్ని బట్టి అంచనా వేయొద్దు. రెండో చేత్తో తలను అవతలి వైపు నుంచి ఆనించి పట్టుకోవాలి, లేకపోతే తల జరిగిపోయి ఒత్తిడి తగ్గుతుంది. పళ్లు బిగించి ఉన్నప్పుడు నొక్కొద్దు.

అంతకంటే పెద్ద చిక్కు పేషెంట్‌ని అడిగే ప్రశ్నలో ఉంది. గట్టిగా నొక్కితే బాగున్న చెంప కూడా నొప్పి పెడుతుంది. అందుకే "నొప్పిగా ఉందా?" అని అడిగి ఆగకూడదు. గత 30 రోజుల్లో తనకు వచ్చిన నొప్పి ఇదేనా అన్నది తేలాలి. మొదటి అనువాదంలో "పరిచయమైన నొప్పి" అని రాశాం. ఒక పెద్దావిడ "నొప్పితో పరిచయమేంటి నాయనా?" అన్నారు. "ఈ నెల రోజుల్లో మీకు అక్కడ వచ్చిన నొప్పి లాంటిదేనా ఇది?" అని మార్చాక జవాబులు కుదురుకున్నాయి. ఏ మాట వాడాలో పైలట్‌లోనే, అంటే అసలు అధ్యయనానికి ముందు కొద్దిమందితో చేసే పరీక్షలోనే తేల్చుకోండి, ఆ తర్వాత ఒక్క అక్షరం కూడా మార్చొద్దు.

దవడ కీలులో టక్కుమనే శబ్దాన్ని అధ్యయనంలో కొలిచే ఫలితంగా పెట్టుకోకండి. కీలు మధ్య మెత్తలా ఉండే డిస్క్ పక్కకు జారి, నోరు తెరిచినప్పుడు మళ్లీ చోటుకొచ్చే సమస్యను చేతి పరీక్ష పట్టుకునేది 34 శాతమే, ఎంఆర్ఐ లేకుండా నమ్మడానికి లేదు. నొప్పి, నమలడం, నిద్ర, మనసు పరిస్థితి కొలవండి. పరిశోధనంతా అటే నడుస్తోంది. 2023లో బీఎంజే (బ్రిటిష్ మెడికల్ జర్నల్) మార్గదర్శకం దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామాన్ని, అవగాహన కల్పించడాన్ని, ప్రవర్తనా చికిత్సను బలంగా సూచించింది. పళ్లకు తొడుక్కుని తీసిపెట్టుకునే తొడుగు, అదే స్ప్లింట్, వద్దనే వైపే మొగ్గింది. ఇంకా వచ్చిన ప్రతివాళ్లకీ స్ప్లింట్ అంటగట్టి, పళ్లు అరగదీసి పంపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అరగదీసిన పన్ను తిరిగి రాదు.

పోల్చడానికి రెండో గుంపు తప్పనిసరి. నొప్పి బాగా ముదిరినప్పుడే జనం ఆస్పత్రికొస్తారు, ఏమీ చేయకపోయినా అందులో కొంత తగ్గుతుంది. తగ్గినవాళ్లు ఫాలో అప్‌కి రారు. వాళ్లను లెక్కలోంచి తీసేయకుండా, ఫోన్‌లోనైనా అదే సున్నా నుంచి పది స్కేలు మీద అడిగి రాసుకోండి.