అసింట్ సరస్సు ఒడ్డున ఆర్డ్‌వ్రెక్ కోట

కోట అనగానే బురుజుల వరుసలు, కందకాలు ఊహించుకొని వచ్చేవారికి ఆర్డ్‌వ్రెక్ మొదట నిరాశనే మిగులుస్తుంది. స్కాట్లండ్ వాయవ్య మూలన, అల్లాపూల్ ఊరికి ఉత్తరంగా దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, అసింట్ సరస్సులోకి చొచ్చుకుపోయిన ఒక నాలుక లాంటి నేల మీద నిలిచి ఉన్నది ఒక మెట్ల బురుజు, దాన్ని అంటిపెట్టుకొన్న కొంత గోడ, కింద కమాను కప్పుతో కొన్ని నేలమాళిగలు మాత్రమే. నీటిమట్టం బాగా పెరిగినప్పుడు ఈ నేల ద్వీపమైపోతుంది. మా అక్క, బావలతో కలిసి నేను వెళ్లిన రోజున నీరు తక్కువగా ఉండడంతో గులకరాళ్ల మీదుగా పాదం తడవకుండానే నడిచి వెళ్లాం.

దగ్గరికి వెళ్లాక గాని ఆ బురుజు పనితనం కంటికి ఆనదు. నేల దగ్గర గుండ్రంగా మొదలైన కట్టడం పైకి వెళ్లాక చతురస్రంగా మారుతుంది. ఆ మార్పు జరిగే చోట ప్రతి వరుస రాతినీ కింది వరుసకంటే కొద్దిగా ముందుకు జరిపి పేర్చారు. పైకప్పు పోయి, అంతస్తులు కూలి, 1795లో పిడుగు పడి దెబ్బతిన్నా, ఆ మూల మాత్రం చెక్కుచెదరలేదు. తాపీ పని తెలిసిన మా బావ మిగిలిన కోటనంతా వదిలేసి చాలాసేపు అక్కడే తల పైకెత్తి నిలబడిపోయాడు.

అసింట్ మాక్లౌడ్ వంశం వారి కోట ఇది. దీని పేరు చరిత్రకెక్కింది 1650లో. రాజు పక్షాన పోరాడిన మాంట్రోజ్ మార్క్విస్ (మార్క్విస్ అన్నది ప్రభువుల బిరుదు) ఆ ఏడాది ఏప్రిల్ 27న కార్బిస్‌డేల్ యుద్ధంలో ఓడి, ఆకలితో కొండల్లో తిరుగుతూ ఈ ప్రాంతానికి వచ్చి పట్టుబడ్డాడు. అతన్ని ఈ కోటలో ఉంచి ప్రభుత్వానికి అప్పగించారు. మే 21న ఎడిన్‌బరోలో ఉరితీశారు. అప్పుడు కోట యజమాని నీల్ మాక్లౌడ్. ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి బహుమానానికి ఆశపడి అమ్ముకొన్నాడని ఒక వర్గం, అసలా సమయంలో అతను ఊళ్లోనే లేడని, అతని భార్యే ఉపాయంగా మాంట్రోజ్‌ను నేలమాళిగలోకి దించిందని మరొక వర్గం ఇప్పటికీ చెబుతాయి. ఆ నేలమాళిగ గుమ్మం దగ్గర నిలబడి ఈ రెండు కథలూ తలచుకొన్నప్పుడు, రెండవది యజమాని పరువు కాపాడడానికి తరువాత అల్లినదేమో అని నాకు అనిపించింది. 1672లో మెకెంజీ వంశం వారు ముట్టడించి కోటను స్వాధీనం చేసుకొన్నారు. 1726లో పక్కనే కాల్డా హౌస్ అనే విశాలమైన భవనం కట్టుకొన్నారు, పదకొండేళ్లకే అది కాలిపోయింది. రోడ్డు పక్కన దాని మొండిగోడలు కూడా చూడవచ్చు, కానీ అక్కడ ఎక్కువసేపు నిలవవలసినంత ఏమీ లేదు.

కోట ముందు నుంచి వాయవ్యంగా చూస్తే 808 మీటర్ల ఎత్తున్న కూన్యాగ్ పర్వతం కనిపిస్తుంది. అడుగున అతి ప్రాచీనమైన నైస్ శిల, దానిమీద ఎర్రటి ఇసుకరాయి, అన్నిటికీ పైన తెల్లని క్వార్ట్‌జైట్ రాయి. ఆ క్వార్ట్‌జైట్‌తో మొదలయ్యే పొరల సముదాయానికి భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ కోట పేరుమీదే ఆర్డ్‌వ్రెక్ గ్రూప్ అని పేరు పెట్టారు. వంశం పోయినా పేరు పాఠ్యపుస్తకాల్లో నిలబడింది.

మరునాడు దక్షిణంగా నాకన్ క్రాగ్ అనే కొండచరియకు వెళ్లాం. అసింట్‌లో ఇంకొక వివాదం నడిచిన చోటు అది. అక్కడ కొండ చరియలో కిందివైపు లేత రంగు సున్నపురాయి, దాని మీద నల్లని షిస్టు శిల ఉంటాయి. పైనున్నది కింది దానికంటే దాదాపు 50 కోట్ల ఏళ్లు పాతది. పొరలన్నీ సహజ క్రమంలోనే ఉన్నాయని, పైది కొత్తదేనని 19వ శతాబ్దపు ప్రముఖ భూగర్భ శాస్త్రజ్ఞుడు రోడరిక్ మర్చిసన్ వాదించాడు. భూమి పొరలు విరిగి స్థానాలు మారాయన్న మరో శాస్త్రజ్ఞుడు జేమ్స్ నికోల్ మాటను ఆయన పలుకుబడి ముందు ఎక్కువమంది పట్టించుకోలేదు. చివరికి బెన్ పీచ్, జాన్ హార్న్ అనే భూగర్భ సర్వే ఉద్యోగులు ఏళ్ల తరబడి ఈ కొండలన్నీ నడిచి పటాలు గీసి, పాత శిలాఫలకం పడమరకు కిలోమీటర్ల కొద్దీ జరిగి కొత్త శిలల మీదికి ఎక్కిందని నిరూపించారు. వారి నివేదిక 1907లో వెలువడింది. బాటలో ఒకచోట ఆ రెండు శిలలూ కలిసే గీత మీద చేయి పెట్టవచ్చు. నా అరచేతి కింద సున్నపురాయి, వేళ్ల కింద షిస్టు. మాంట్రోజ్ విషయంలో ఇటువంటి గీత ఏదీ మిగలలేదు కదా అనుకొన్నాను. సరస్సు తూర్పు కొసన ఇంచ్‌నడాంఫ్ దగ్గర చిన్న మిట్ట మీద పీచ్, హార్న్‌ల స్మారక స్తంభం ఉంది. దాన్ని 1930లో నిలిపారు.

సున్నపురాయి ఉన్నచోట నేల రంగే మారిపోతుంది. చుట్టూ గోధుమ రంగు బురదనేలలు, ఇంచ్‌నడాంఫ్ చుట్టూ మాత్రం పచ్చని గడ్డి. ఆ ఊరికి కొంచెం దక్షిణాన ఆల్ట్ నాన్ ఉవా అనే వాగు వెంట పైకి నడిస్తే బోన్ కేవ్స్ (ఎముకల గుహలు) వస్తాయి. దారిలో ఒకచోట బండల సందుల నుంచి నీరు బుగ్గగా ఉబికి వస్తుంది, అక్కడి నుంచి పైన వాగు ఎండి రాళ్లే ఉంటాయి, ఎందుకంటే ఆ నీరంతా సున్నపురాయి లోపలి దారుల్లో ప్రవహిస్తుంది. ఈ గుహల్లో 1889లో పీచ్, హార్న్‌లే తవ్వకాలు జరిపారు. ఎలుగుబంటి, లింక్స్ అనే అడవి పిల్లి, రెయిన్‌డీర్ అనే జింక ఎముకలు బయటపడిన చోటు ఇది. చివరి ఎక్కుడు నిటారుగా ఉండి మా అక్కకు ఆయాసం తెప్పించింది గాని, పైకి చేరాక దిగడానికి ఆమే ఒప్పుకోలేదు.

తిరిగి ఉత్తరంగా కైల్‌స్క్యూ ఊరి వైపు వెళ్లేటప్పుడు వెయిలింగ్ విడో జలపాతం దగ్గర ఆగాం. లాక్ నా గాన్విచ్ సరస్సు నుంచి వచ్చే వాగు దాదాపు 15 మీటర్ల ఎత్తు నుంచి ఇరుకైన లోయలోకి దూకుతుంది. కింది నుంచి చూడాలంటే తడి రాళ్ల మీదుగా వాగు పక్కన నడవాలి, మంచి బూట్లు తప్పనిసరి. వేసవిలో గాలి లేని సాయంత్రాల్లో మాత్రం మిడ్జ్ అనే, దోమల్లాంటి సన్నని పురుగులు ముఖాన్ని వదలవు. మేము జలపాతం దగ్గర పావుగంట కూడా నిలవలేక కారెక్కేశాం. వీలైతే గాలి వీచే రోజు చూసుకొని పొద్దున్నే వెళ్లడం మంచిది.