కట్ట విప్పితే పది

"టీచర్, ఈ కట్ట విప్పెయ్యనా?" రబ్బరు బ్యాండ్ మీద వేలు పెట్టి అడిగాడు మా మూడో తరగతి పిల్లాడు.

52 లోంచి 27 తీసేయాలి. వాడి ముందు పదేసి చీపురుపుల్లల కట్టలు ఐదు, విడిగా రెండు పుల్లలు. రెండిట్లోంచి ఏడు ఎలా పోతాయా అని కాసేపు అలాగే చూశాడు. సరేనన్నాక ఒక కట్ట విప్పాడు. పన్నెండు పుల్లల్లో ఏడు పక్కకి జరిపాడు, రెండు కట్టలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇరవై అయిదు మిగిలాయి టీచర్!"

పదుల స్థానం నుంచి ఒకటి తెచ్చుకోవాలని బోర్డు మీద చెప్తే చాలామంది ఒకటే తెస్తారు. ఆ ఒకటిలో పది ఉన్నాయని చేత్తో విప్పినప్పుడు తెలుస్తుంది.

పక్క గుంపులో చింతగింజలు. ఒకమ్మాయి పన్నెండు గింజల్ని మూడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చింది. ఇటు వచ్చి కూర్చుని, "ఇక్కణ్ణుంచి చూస్తే నాలుగేసి మూడు!" అని అరిచింది. ఎంత ముద్దొచ్చిందో!

గోల బాగానే ఉంటుంది. "ఆడిస్తున్నారా, చదివిస్తున్నారా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఒక్కసారి వచ్చి పిల్లల పక్కన కూర్చోమంటాను. మూడో తరగతి దాటేలోపు ప్రతి బిడ్డకీ చదవడం, లెక్కలు పునాదిగా రావాలన్నదే కదా 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం కూడా.

రేపు అంగడి ఆట. ఖాళీ బిస్కెట్ ప్యాకెట్లు, సబ్బు పెట్టెలు ఎవరింట్లో ఉన్నా పంపండి. ధరలు పిల్లలే రాస్తారు, చిల్లర కూడా వాళ్లే ఇస్తారు.