హైదరాబాద్ స్క్వాడ్రన్ పైలట్ రికార్డులు ఎలా సంపాదించానంటే

కావలసిన కాగితాలు ఎట్టకేలకు నిన్న చేతికొచ్చాయి. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు. నిజాం ఇచ్చిన విరాళమే అందుకు కారణం. ఆ దళం చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగానే. 1940 వేసవిలో ఈ దళం ఇంగ్లండ్‌లోని డోర్సెట్‌లో ఉన్న వార్మ్‌వెల్ స్థావరం నుంచి స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలతో జర్మన్ విమానాలను ఎదుర్కొంది. నిజాం ఖజానాను నింపింది రైతులు కట్టిన శిస్తు. ఆ పైలట్ల చరిత్రతో మనకేం పని అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నేను వెతికింది ఆ దళం పైలట్ ఎరిక్ మార్స్ గురించి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో పేరు కొట్టగానే 1941 జూలై 24న మరణించినట్టు, ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌లో సమాధి ఉన్నట్టు వచ్చేసింది. చనిపోయేనాటికి ఇరవై ఏళ్లే.

అసలు యాతన స్క్వాడ్రన్ దినచర్య పుస్తకం దగ్గర మొదలైంది. లండన్‌లో రికార్డులు తీసి పంపిస్తానన్న ఒకాయనకు ముందుగానే డబ్బు కట్టాను. వారాల తరబడి జవాబు లేదు. చివరికి పంపిన పేజీలు తెరిచి చూస్తే స్పిట్‌ఫైర్లే లేవు, అన్నీ హరికేన్లనే వేరే రకం యుద్ధ విమానాలు! స్థావరం కూడా వార్మ్‌వెల్ కాదు, కెన్లీ. అవి 253వ స్క్వాడ్రన్ పేజీలు. దానికీ హైదరాబాద్ పేరే ఉంది, బాంబర్లు నడిపిన 110వ స్క్వాడ్రన్‌కూ ఉంది. నంబరు చూడకుండా పేరు చూసి పేజీలు తీసేశాడన్నమాట. ఇదేమిటని అడిగితే, ‘రెండూ మీ ఊరి పేరువే కదా, మీకు తేడా ఏముంటుంది’ అని రాశాడు. ఆ వాక్యం చదివి ఒళ్లు మండిపోయింది. నంబరు, విమానం, స్థావరం మూడూ నా మొదటి ఉత్తరంలోనే స్పష్టంగా రాశాను. పైగా డబ్బు తిరిగి ఇవ్వలేదు.

ఇలాంటి మధ్యవర్తులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. లండన్‌లోని క్యూ అనే ప్రాంతంలో ఉన్న బ్రిటన్ జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో స్క్వాడ్రన్ల దినచర్య పుస్తకాలు ‘ఎయిర్ 27’ వరుసలో ఉంటాయి, పైలట్లు యుద్ధం నుంచి దిగాక ఇచ్చిన పోరాట నివేదికలు ‘ఎయిర్ 50’లో ఉంటాయి. స్క్వాడ్రన్ నంబరు, నెల తెలిస్తే చాలు, ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. దినచర్యలో రెండు రకాల పత్రాలుంటాయి. 540వ ఫారంలో ఆ రోజు కథ క్లుప్తంగా ఉంటుంది. మనకు కావలసింది 541. అందులో విమానం నంబరు, పైలట్ పేరు, ఎగిరిన సమయం, దిగిన సమయం గడులవారీగా టైపు చేసి ఉంటాయి. వార్మ్‌వెల్ పేజీల్లో మార్స్ పేరు కనబడగానే ఆ వరుసలన్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించాను. అంత డబ్బు తీసుకున్న ఆ పెద్దమనిషి చేయలేని పని నేను హైదరాబాదులో కూర్చుని చేశాను.

పోరాట నివేదికలు అందరివీ మిగల్లేదు, దొరక్కపోతే నిరాశపడకండి. అధికారుల వ్యక్తిగత సర్వీసు ఫైళ్లు రక్షణ శాఖ నుంచి ఆర్కైవ్స్‌కు విడతలవారీగా బదిలీ అవుతున్నాయి, వాటికి మాత్రం ఓపిక పట్టాలి. మార్స్ ఫైలు కోసం అర్జీ పెట్టాను. అది వచ్చేలోగా 253వ దళం పేజీలు కూడా వదలను, డబ్బు కట్టి తెప్పించుకున్నవి కదా, కెన్లీ పైలట్ల పేర్లు రాసుకోవడం ఈ రోజే మొదలుపెట్టాను.