దేవుడికి పనికిరాని పువ్వా?

"ఈ పువ్వులో ప్రాణం లేదమ్మా, దేవుడికి పెట్టకు" అంది పెద్దమ్మ. శివరాత్రి ముందు రోజు, విశాఖ పెదవాల్తేరులో మా అమ్మావాళ్ల మేడ మీద. నేను కోసి పళ్లెంలో పెట్టిన డైసీ పూలను వేలితో నొక్కి చూసింది. గరగరమన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది, వాసన లేదు. పళ్లెం పక్కకు జరిపి, మారేడు దళాల బుట్ట తీసుకుని కిందికి వెళ్లిపోయింది.

పూజ విషయంలో మా ఇంట్లో పెద్దమ్మ మాటకు తిరుగు లేదు. నేనూ ఎదురు చెప్పలేదు. కానీ ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు. అది నాకు అన్నం పెడుతున్న పువ్వు. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరం శివార్లలోని ఒక నర్సరీలో నేను పని చేస్తున్నాను. అక్కడ అందరూ ఎవర్‌లాస్టింగ్ డైసీ అని పిలిచే ఈ మొక్కల నారు పోయడం, కుండీల్లోకి మార్చడం, చిగుళ్లు తుంచడం, ట్రేలలో సర్ది బండి ఎక్కించడం నా పని. పైగా ఇదే పువ్వుతో అక్కడ వినాయకుడికి పూజ కూడా చేశాను. పెద్దమ్మ మాటే నిజమైతే ఆ పూజ ఏమైనట్టు?

ముందు ఆ పని గురించి చెప్పాలి. నర్సరీలో చేరినప్పుడు మొక్కల పేర్ల కంటే ముందు నేర్పింది మట్టి బస్తా విప్పడం. కుండీల్లో నింపే మిశ్రమంలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. ఆ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, ముఖం దూరంగా పెట్టి బస్తా విప్పాలి. లోపలి మట్టిని నీళ్లతో తడిపాకే చెయ్యి పెట్టాలి. తొలకరి పడగానే మేడ మీదికి పరుగెత్తి మట్టివాసన పీల్చుకుంటూ పెరిగిన దాన్ని. మట్టి దగ్గర ఊపిరి బిగబట్టడం అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ ఆ మాస్కు వేసుకునేటప్పుడే ఊరు ఎక్కువగా గుర్తుకొస్తుంది.

మా సూపర్‌వైజర్ అరవై దాటిన మనిషి. మాట కటువు. ట్రేలో ఒక్క మొక్క వంకరగా ఉన్నా ఊరుకోరు. బాగా చేశావని ఆవిడ నోటి వెంట నేను విన్నది లేదు. ఒకసారి భోజనాల వేళ, రేపు మాకు పండగ అని, దుకాణాల్లో పూలు కొనాలంటే భయమేస్తోందని తోటి పనివాళ్లతో అన్నాను. ఆవిడ అక్కడే కూర్చుని ఉన్నారు, ఏమీ అనలేదు. సాయంత్రం చేతులు కడుక్కుని బయలుదేరుతుంటే పిలిచారు. కొమ్మలు కత్తిరించుకోవడానికి పెంచే తల్లి మొక్కల వరుస దగ్గరికి తీసుకువెళ్లారు. వాటికి పూసిన పూలను ఎలాగూ తుంచేస్తాం. తనే కత్తెర పట్టుకుని ఒక్కొక్కటీ కోస్తూ, "మీ దేవుడికి ఏ రంగు ఇష్టం?" అని అడిగారు.

ఎరుపు అన్నాను. అంతే, మాట్లాడకుండా మూడు వరుసలు దాటి వెళ్లి, ముదురు ఎరుపువి వెతికి కోసుకొచ్చారు. అట్టపెట్టె నిండింది. దేవుడికి ఏ రంగు ఇష్టమని అడిగే మనిషి ఆ దేశంలో నాకు ఎదురవుతారని అనుకోలేదు. మర్నాడు గరికతో పాటు ఆ పూలే వినాయకుడి ముందు పెట్టాను. ఇక్కడ చవితి వచ్చే రోజుల్లో అక్కడ వసంతం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెర్త్ కింగ్స్ పార్కులో ఎవర్‌లాస్టింగ్ డైసీలు గులాబీ, తెలుపు రంగుల్లో నేలంతా పరుచుకుంటాయి. ఊరి జనమంతా వాటిని చూడటానికి వస్తారు. ఎవరూ ఒక్క పువ్వు కోయరు. ప్రభుత్వ భూముల్లోని అడవిపూలను అనుమతి లేకుండా కోయడం అక్కడ నేరం.

ఈ సంగతి చెబితే మా ఇంట్లో వెంటనే పోలిక మొదలవుతుంది. ఇక్కడ బీచ్ రోడ్డు వైపు నడకకు వెళ్లేవాళ్లు ప్లాస్టిక్ సంచీ పట్టుకుని ఎవరింటి గోడ మీది నందివర్ధనాలనైనా తెల్లారేలోపు కోసేస్తారు. అరకులో వలిస పూలు విచ్చుకున్నాయంటే ఫోటోల కోసం పొలాల్లోకి దిగి తొక్కేస్తారు. వలిస రైతుకు అది నూనెగింజల పంట. తొక్కినంత మేర గింజ పోతుంది. అది తప్పే, సమర్థించను. గోడ మీది పువ్వును మాత్రం నేను అంత తేలికగా తప్పుపట్టలేను. అక్కడి వాళ్లు పువ్వును చూసి ఆనందించి వదిలేస్తారు. మనకు పువ్వు ఒకరికి ఇచ్చేది. దేవుడికో, జడకో, పోయినవాళ్ల ఫోటోకో చేరితే గాని దానికి నిండుదనం రాదు. పెర్త్‌లో పూల మధ్యే రోజంతా పని చేస్తూ కూడా, ఎవరికీ ఇవ్వకుండా ఇంటికి వచ్చేసేటప్పుడు నా చేతులు ఖాళీగా అనిపించేవి. ఆ అట్టపెట్టె నాకు ఎందుకంత పెద్దదో చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

ఇక పువ్వు సంగతి. మనం రేకులనుకునేవి నిజానికి రేకులు కావు, పుష్పపుచ్ఛాలు, అంటే పువ్వును చుట్టి ఉండే రేకుల్లాంటి ఆకులు. పువ్వు విచ్చేసరికే వాటి కణాలు చనిపోయి, గోడలు మాత్రం గట్టిపడి మిగులుతాయి. అందుకే ఆ గరగర, అందుకే కోశాక కూడా రంగు నిలుస్తుంది. ప్రాణం లేదన్న పెద్దమ్మ మాట అంత వరకు నిజం. ఆవిడ వేలికి తగిలింది ఆ పుచ్ఛాలే. నడిమి పసుపు బిళ్లను దగ్గరగా చూస్తే వందలకొద్దీ చిన్న గొట్టాల్లాంటి పూలు కనిపిస్తాయి. బయటి అంచు నుంచి లోపలికి వరుసగా విచ్చుకుంటాయి. పుప్పొడి, తేనె ఉండేది వాటిలోనే. మా మేడ మీద కూడా పొద్దెక్కాక తేనెటీగలు నేరుగా వచ్చి ఆ బిళ్ల మీదే వాలుతున్నాయి.

చనిపోయిన ఆ పుచ్ఛాలు కదులుతాయి కూడా. గాలిలో తేమ పెరిగితే లోపలికి వంగి మూసుకుంటాయి, ఆరితే వెనక్కి విచ్చుకుంటాయి. పెర్త్ ఎండలో ఈ కదలికను నేను పెద్దగా పట్టించుకోలేదు. విశాఖలో అది రోజూ కళ్ల ముందు జరుగుతోంది. రాత్రంతా సముద్రపు తేమ, పొద్దున చూస్తే ప్రతి పువ్వూ ముడుచుకుని మొగ్గలా ఉంటుంది. తెగులేమో అని అమ్మ భయపడింది. పొద్దున పదింటి ఎండ తగిలేసరికి అన్నీ విప్పారాయి.

ఈ మొక్క పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1803లో ఫ్రాన్సులో వెంటెనా అనే వృక్షశాస్త్రవేత్త, నెపోలియన్ భార్య జోసెఫీన్‌కు చెందిన మాల్మెజోన్ తోటలోని మొక్కల గురించి రాస్తూ దీన్ని వర్ణించాడు. ఆ తర్వాత జర్మనీ తోటమాలులు ఎరుపు, గులాబీ, తెలుపు రంగులు తెచ్చారు. ఇప్పటి శాస్త్రీయ నామం జీరోక్రైసమ్ బ్రాక్టియేటమ్. మన దగ్గర విత్తనాల దుకాణాల్లో ఇంకా హెలిక్రైసమ్ అనే పాత పేరుతోనే, శీతాకాలపు పూల కింద అమ్ముతారు. మేడ మీదివి అలా కొన్నవే. పెర్త్ నుంచి విత్తనాలు తేవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

పెంచింది అమ్మ, ఫోనులో చెప్పింది నేను. అక్టోబరులో నారు పోయవద్దన్నాను. ఇక్కడ అది వానల నెల, పైగా హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ నెలలో మేడ మీద ఏదైనా పెట్టాలంటే అమ్మకు ఇప్పటికీ బెరుకే. దీపావళి వెళ్లాక పోసింది. విత్తనాన్ని పూడ్చకూడదు, మొలవడానికి వెలుతురు కావాలి. తడిపిన మట్టి మీద చల్లి వేళ్లతో మెల్లగా అదమాలి. వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. జానెడు కాకముందే నడి చిగురు తుంచాలి, అప్పుడే పక్క కొమ్మలు వేస్తుంది. చిగురు తుంచమంటే అమ్మకు చెయ్యి రాలేదు, తమ్ముడి చేత తుంచించింది.

నీళ్ల దగ్గరే గొడవ. పొద్దున, సాయంత్రం నీళ్లు పోస్తేనే మొక్కను ప్రేమించినట్టని అమ్మ నమ్మకం. పెర్త్ నేల ఇసుక. నీరు నిలవదు సరికదా, బాగా ఎండిన ఇసుక నీటిని లోపలికే రానివ్వదు. ఇళ్లలో స్ప్రింక్లర్లు వారానికి 2 రోజులే వేయాలి, జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు అసలే వేయకూడదు. అలాంటి చోట పెరిగే మొక్క ఇది. వేళ్ల దగ్గర తడి నిలిచిందంటే కుళ్లిపోతుంది. ఎర్రమట్టిలో సగానికి సగం ముతక ఇసుక, కొంచెం చివికిన పశువుల ఎరువు కలిపించాను. కుండీ కింద పళ్లెం తీయించాను. పైమట్టి వేలి కణుపు లోతు ఆరాకే నీళ్లు, అదీ పొద్దున్నే, మొక్క మొదలు దగ్గరే, పూల మీద పడకుండా. పూర్తి ఎండ తప్పనిసరి. పేనుబంక కనిపిస్తే వేపనూనె చాలు. మార్చి దాటితే విశాఖ ఉక్కకు ఇవి నిలవవు, అప్పుడు పీకేయడమే.

పెద్దమ్మతో అనని మాటలు ఇక్కడ అంటాను. వాసన లేదు కాబట్టి తక్కువంటే, కనకాంబరానికి వాసన ఎక్కడుంది? ఆవిడ జడలో అది లేని పండగ నేను చూడలేదు. వాసనే గొప్పదైతే మొగలిపువ్వును శివుడికి ఎందుకు పెట్టం? పరాయి దేశపు పువ్వు అంటే, గుమ్మాలకు కట్టే బంతి మెక్సికో వైపు నుంచి వచ్చిందే, ఈ డైసీ కుటుంబంలోదే. ఇక వాడిపోకపోవడం అంటే, పెద్దనాన్న ఫోటోకు వేసిన పొగడబంతి దండ నెలల తరబడి ఊదారంగుతోనే ఉంది. అది కూడా తాకితే గరగరమంటుంది. నిల్వ పూలు పూజకు పనికిరావనే నియమాన్ని నేను కాదనను. కానీ ఇవి అప్పుడే కోసినవి. ఒక పువ్వు పుట్టుకతోనే పొడిగా ఉంటే అది దాని గుణం, నిల్వ దోషం కాదు. అక్కడ వినాయకుడికి పెట్టినవీ తాజావే, అడిగి కోసి ఇచ్చినవి. ఆ పూజ చెల్లిందనే నా నమ్మకం. మళ్లీ చవితికి కూడా అవే పెడతాను.

మేడ మీద మిగిలిన పూలను అమ్మ ఎండబెట్టాలంది. బయటి రెండు మూడు వరుసలు విచ్చగానే కోయాలి. కోశాక కూడా విచ్చుకుంటూనే ఉంటుంది కాబట్టి, నడిమి బిళ్ల కనిపించేదాకా ఆగితే ఎండేసరికి రేకలన్నీ వెనక్కి విరుచుకుపోతాయి. కాడ బలహీనం, ఎండితే తల వాల్చేస్తుంది. అందుకని నర్సరీలో పచ్చిగా ఉన్నప్పుడే పువ్వులోకి సన్నని తీగ గుచ్చుతాం. ఆరేకొద్దీ పువ్వు బిగిసి తీగను పట్టుకుంటుంది. ఇక్కడా ఇనుప తీగే గుచ్చాను. ఉప్పుగాలికి కొన్నాళ్లకే తుప్పు పట్టి పువ్వు అడుగున మరక దిగింది. అమ్మ కొత్త చీపురులోంచి కొబ్బరి ఈనెలు లాగి, చివర చాకుతో చెక్కి, ఒక్కొక్క పువ్వుకూ గుచ్చి, తలకిందులుగా వంటగది పక్క చీకటి గదిలో కట్టింది. ఈనె పువ్వును బాగా పట్టింది, మరక లేదు, తీగ కంటే తేలిక. ఫోటోలు తీసుకున్నాను. పెర్త్‌లో విమానం దిగగానే ఈనెలు చూపించి అనుమతి అడగాలి, వద్దంటే అక్కడే వదిలేయాలి. ఏప్రిల్‌లో కొత్త నారు పోసేటప్పుడు మా సూపర్‌వైజర్‌కు ఈ పద్ధతి చూపిస్తాను. ఆవిడ ముందు ఎక్కడ వంకరగా ఉందో చెబుతారు, తర్వాత తప్పకుండా ఒకటి గుచ్చి చూస్తారు.