చింగ్రిఘాటా మీదుగా వెళ్లే బస్సు

ధర్మతలా నుంచి సాల్ట్‌లేక్ స్టేడియానికి ట్యాక్సీ డ్రైవరు ఆరు వందలు అడిగి ఉండకపోతే నేను ఆ బస్సు ఎక్కేవాణ్ణి కాదు. ఎక్కకపోయి ఉంటే ఈ కోల్‌కతా యాత్ర గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ ఉండేదీ కాదు. విక్టోరియా మెమోరియల్, దక్షిణేశ్వరం, కాలేజ్ స్ట్రీట్ పుస్తకాల దుకాణాలు మనవాళ్లందరూ చూసినవే, నేనూ చూశాను, వాటిని ఇక్కడ వదిలేస్తున్నాను. 2024 అక్టోబరు 19, శనివారం సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర వరకు జరిగినది మాత్రమే రాస్తాను.

ఫలక్‌నుమాలో ముందురోజే హౌరా చేరాను. కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్బులు మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్ మధ్య జరిగే డెర్బీని, అంటే ఒకే ఊరి జట్ల పోరును, ఒక్కసారైనా గ్యాలరీలో కూర్చుని చూడాలన్న కోరిక నాకు చాలాకాలంగా ఉన్నప్పటికీ, ఈసారి టికెట్ తీయించినది అన్వర్ అలీ వ్యవహారం. జలంధర్ జిల్లా ఆదంపూర్‌లో పుట్టిన ఈ యువ డిఫెండర్ 2017లో మన దేశంలో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌లో ఆడాడు, రెండేళ్ల తర్వాత గుండె కండరంలో లోపం ఉందని బయటపడడంతో ఇక ఆట మానేయాలన్నారు, అతను కోర్టు మెట్లు కూడా ఎక్కి మళ్లీ మైదానంలోకి వచ్చాడు. 2023లో ఢిల్లీ ఎఫ్‌సీ క్లబ్బు నుంచి నాలుగేళ్ల లోన్ మీద, అంటే అరువుగా, మోహన్ బాగాన్‌కు వచ్చి, మొదటి సీజన్‌లోనే డ్యూరాండ్ కప్పు, ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) షీల్డు గెలిచిన జట్టులో భాగమయ్యాడు. అటువంటివాడు 2024 వేసవిలో ఆ ఒప్పందాన్ని తెంచుకుని, ఏకంగా ఈస్ట్ బెంగాల్‌తో ఐదేళ్లకు సంతకం చేశాడు. సెప్టెంబరు 10న జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య కమిటీ అతనికి నాలుగు నెలల నిషేధం విధించి, అతనూ, అతణ్ణి తీసుకున్న క్లబ్బూ, పంపిన క్లబ్బూ కలిసి మోహన్ బాగాన్‌కు 12.90 కోట్ల రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది. విషయం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడంతో ఆ ఉత్తర్వు నిలవలేదు, పునర్విచారణ మొదలైంది, అన్వర్ ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు చొక్కా వేసుకుని బరిలోకి దిగాడు. లీగ్‌లో అతను ఆ చొక్కాతో తన పాత అభిమానుల ఎదుటికి రావడం ఇదే మొదటిసారి. ఆ అభిమానులు ఏం చేస్తారో చూద్దామన్న కుతూహలం, నిజం చెప్పాలంటే కొంచెం తగువు చూసే సరదా, నన్ను అంతదూరం లాక్కొచ్చాయి.

హౌరా నుంచి ఎస్‌ప్లనేడ్‌కు హుగ్లీ నది కింద నుంచి మెట్రోలో పది రూపాయలకు వచ్చేశాను. నీటి అడుగున ప్రయాణం ముప్పావు నిమిషమే. అయితే అక్కడి నుంచి సియాల్దాకు సొరంగం అప్పటికింకా తెరవలేదు కనుక నదిని సుఖంగా దాటినవాడు మళ్లీ రోడ్డున పడాల్సి వచ్చేది. ధర్మతలాలో జూనియర్ డాక్టర్ల నిరాహార దీక్షా శిబిరం చుట్టూ జనం, పోలీసులు. నది దాటడానికి పది రూపాయలూ, స్టేడియానికి ఆరు వందలూ అన్న లెక్క నాకు మింగుడు పడక, పార్క్ సర్కస్ మీదుగా బైపాస్ ఎక్కే ఒక ప్రైవేటు బస్సులోకి దూరాను.

బస్సు నిండా రెండు రంగులు. ముందువైపు మోహన్ బాగాన్ వాళ్ల ఆకుపచ్చ-మెరూన్ చొక్కాలు, వెనుక ఎరుపు-పసుపు చొక్కాలు, మధ్యలో రెండింటికీ సంబంధం లేని కూరగాయల బుట్టతో ఒక ముసలావిడ. కండక్టరు నోట్లను నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో ఇరికించుకుని, పలచని టికెట్ల కట్టను బొటనవేలితో టపటపలాడిస్తూ తిరుగుతున్నాడు. మెడలో ఎరుపు-పసుపు కండువా ఉండడం చూసి అతను ఏ పక్షమో అడగనక్కర లేకపోయింది. నాకు దొరికిన సీటు పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దాయన, ఆయన ఒళ్లో పదేళ్ల మనవడు. మనవడి మెరూన్ చొక్కా వెనుక, పేరు ఉండవలసిన చోట, దెబ్బ తగిలితే అంటించే తెల్లని ప్లాస్టర్ అడ్డంగా రెండు వరుసలు అంటించి ఉంది. అంచుల దగ్గర కత్తెర వంకరగా పోయింది, ఇంట్లోనే చేసిన పని అని తెలుస్తోంది. దాని కింద ఎవరి పేరుందో నాకు చప్పున వెలిగింది.

"పోయినేడు పుట్టినరోజుకు కొనిపెట్టాను," అన్నాడాయన నా చూపు గమనించి, హిందీలో. "కొత్తది కొందామంటే ఈసారి ధర చూశారా?"

ఎక్కడి నుంచి వచ్చారని అడిగితే, ఊరు రాజమండ్రి, ఉద్యోగం హైదరాబాద్‌లో అన్నాను. మొదటి మాట ఆయనకు వినపడినట్టు లేదు. హైదరాబాద్ అనగానే 'ఆప్' నుంచి 'తుమ్'కి దిగిపోయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "నయీమ్ ఊరివాడివా! హబీబ్ ఊరివాడివా!" ఇక ఆపలేదు. సయ్యద్ నయీముద్దీన్ కూడా డిఫెండరేననీ, అరవైల్లో హైదరాబాద్ వదిలి ముందు ఈస్ట్ బెంగాల్‌కు, అక్కడి నుంచి మోహన్ బాగాన్‌కు, మళ్లీ ఈస్ట్ బెంగాల్‌కు తిరిగాడనీ, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు అతనే కెప్టెన్ అనీ ఆయన చెబుతుంటే, నేను తల ఊపుతున్నాను గానీ వాటిలో సగం నాకు కొత్త. 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టుపై ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బాగాన్ 2-2తో నిలబడినప్పుడు గోల్ కొట్టిన ఇద్దరిలో మహమ్మద్ హబీబ్ ఒకడు. ఆ హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. అదే ఊళ్లో ఉంటూ ఆ రోజు నేను ఏం చేస్తున్నానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి మానేశాను. ఆయన మాత్రం ఆ రోజు అన్నం తినలేదట.

"మరి నయీమ్ మీ దగ్గర నుంచి వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు కోపం రాలేదా దాదా?" అని అడిగాను.

"వచ్చింది. ఏడాదిపాటు వచ్చింది."

ఇక్కడ జట్లు మారడాన్ని దల్‌బదల్ అంటారు. మనం ఎమ్మెల్యేల ఫిరాయింపులకు దాచుకున్న ఆవేశమంతా వీళ్లు ఆటగాళ్ల మీద ఖర్చు పెడతారు. ఒకప్పుడు సంతకాల రోజులు దగ్గర పడితే ఆటగాళ్లను క్లబ్బుల పెద్దలు ఎక్కడెక్కడో ఇళ్లలో దాచిపెట్టేవారని పెద్దాయన చెబుతుంటే, మన శిబిర రాజకీయాలకు పేటెంట్ ఎవరిదో అర్థమైంది.

టికెట్ చించి ఇస్తూ కండక్టరు మాట కలిపాడు. "దాదూ, మీరు అద్దె ఇంటికి గృహప్రవేశం చేసుకుని, ఓనరు ఖాళీ చేయమంటే ఏడుస్తున్నారు."

"నాలుగేళ్ల అగ్రిమెంటు ఉంది నాయనా! ఏడాదికే సామాను సర్దుకుని ఎదురింట్లో దిగుతారా?"

వెనుక నుంచి కళ్లద్దాల కుర్రాడొకడు, ఫిఫా నియమాల ప్రకారం లోన్ ఏడాదికి మించకూడదని, కాబట్టి ఆ అగ్రిమెంటే చెల్లదని అందుకున్నాడు. అయితే మరి కమిటీ 12.90 కోట్లు ఎందుకు కట్టమందని ముందు సీట్లవాళ్లు లేచారు. కట్టారా అని వెనుకవాళ్లు. పార్క్ సర్కస్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఇరవై నిమిషాలు కదలలేదు, ఆ ఇరవై నిమిషాలూ అది బస్సులా లేదు, హైకోర్టులా ఉంది. కూరగాయల ముసలావిడ ఒక్కతే, ఆ కుర్రవాడు తల్లికి డబ్బు పంపుతున్నాడా లేదా అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

కండక్టరు చివరి అస్త్రం వేశాడు. 1920లో జోడాబాగాన్ క్లబ్బు మోహన్ బాగాన్‌తో మ్యాచ్‌కు శైలేశ్ బోస్ అనే డిఫెండర్ను పక్కన పెట్టింది. తూర్పు బెంగాల్ వాడు కావడమే అందుకు కారణమని మండిపడి బయటికొచ్చినవాళ్లు పెట్టిన క్లబ్బే ఈస్ట్ బెంగాల్. "డిఫెండర్ను గౌరవించడం తెలియక ఒకరు పోగొట్టుకుంటే మేం పుట్టాం. మీరు ఇప్పుడు నేర్చుకుంటున్నారు," అన్నాడు. పెద్దాయన నవ్వేశాడు. అది బాగుందని ఒప్పుకుని, ఆగి, నాతో మెల్లగా అన్నాడు: "ముంబయి వెళ్లి ఉంటే దండ వేసి పంపేవాళ్లం. ఊరు దాటితే సరే, గోడ దూకితే ఎట్లా?"

ఆ మాటకు నాకు మా ఊరి సంగతి గుర్తొచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఫటోర్డాలో కేరళ జట్టును పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచినప్పుడు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన ఆకాశ్ మిశ్రా, దేశంలోనే పేరున్న కుర్ర డిఫెండర్, 2023లో ముంబయి వెళ్లిపోయాడు. నేను గచ్చిబౌలి గ్యాలరీలో అతని ఆటకు చప్పట్లు కొట్టినవాణ్ణే. వెళ్లాడన్న వార్త ఫోన్‌లో చూసి, చేతిలో టీ చల్లారేలోపు మర్చిపోయాను. దండా వేయలేదు, తిట్టూ లేదు. ఆ తర్వాతి సీజన్‌లో డబ్బు కష్టాలతో జట్టు జట్టే చెదిరిపోతున్నప్పుడు కూడా మా ఆఫీసులో మాట్లాడుకున్నది క్రికెట్ గురించే.

"చింగ్రి... చింగ్రిఘాటా!" అని కండక్టరు అరిచాడు, ముందు సీట్లన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి. చింగ్రి అంటే రొయ్య. మోహన్ బాగాన్ గెలిస్తే వాళ్ల ఇళ్లలో రొయ్యలు, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే వాళ్ల ఇళ్లలో ఇలిశ చేప వండుకోవడం ఇక్కడి ఆనవాయితీ. స్టేడియానికి ముందు వచ్చే ఈ స్టాపు పేరును ఈస్ట్ బెంగాల్ కండక్టరు రోజుకు ఎన్నిసార్లు అరవాలో ఊహించుకోవచ్చు. ఇలిశ అంటే మా పులసేనని, పుస్తెలమ్మైనా పులస తినాలని మా గోదావరి వైపు సామెత ఉందని నేను చెబితే, కండక్టరు నన్ను తన పక్షంలో కలిపేసుకుని చిల్లర రెండు రూపాయలు కూడా తిరిగిచ్చాడు. అంతకుముందు లేదన్నవి అవే.

దిగాక పెద్దాయన గోడవైపు చూపించి, ఆగస్టు 18న ఇక్కడే నిలబడ్డానన్నాడు. ఆర్.జి.కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్య తర్వాత ఆ రోజు జరగవలసిన డ్యూరాండ్ డెర్బీని రద్దు చేస్తే, రెండు జట్ల అభిమానులూ కలిసి న్యాయం కావాలంటూ ఈ స్టేడియం బయటికి వచ్చి లాఠీదెబ్బలు తిన్నారు. ఆయన భుజం మీదకు ఎక్కి నినాదాలిచ్చిన కుర్రాడిది ఎరుపు-పసుపు చొక్కా అట. "అప్పటికే అన్వర్ వెళ్లిపోయాడు," అని మాత్రం చేర్చాడు.

టికెట్‌కు బయట రెండింతలు పెట్టి, వాళ్లతోపాటే మోహన్ బాగాన్ వైపు గ్యాలరీలో కూర్చున్నాను. 1997లో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు లక్షా ముప్పై వేల మంది పట్టిన స్టేడియం ఇది, ఇప్పుడు కుర్చీలు వేశాక దాదాపు సగానికి తగ్గింది. ఏడున్నరకు ఆట మొదలైంది. అన్వర్ కాలికి బంతి తగిలినప్పుడల్లా మా వైపు నుంచి లేచిన ధ్వని గురించి నేను ముందే విని ఉన్నాను గానీ, అది అరికాళ్ల నుంచి పైకి పాకుతుందని ఎవరూ చెప్పలేదు. బెయిమాన్ అన్నారు, మీర్ జాఫర్ అన్నారు. పెద్దాయన కూడా అరిచాడు, పళ్లసెట్టు జారకుండా చేత్తో పట్టుకుని మరీ అరిచాడు. అంతలో వెనుక వరుసలో ఒకడు అతని గుండె జబ్బును ఎత్తి ఏదో అన్నాడు. బెంగాలీ రాని నాకు కూడా అర్థమైన మాట. పెద్దాయన గభాలున వెనక్కి తిరిగి, వేలు చూపించి, రెండు ముక్కలు చెప్పాడు, వాడు కూర్చున్నాడు. ఏమన్నారని అడిగితే, "అతని కాళ్లను తిట్టుకోమన్నాను," అన్నాడు.

41వ నిమిషంలో మెక్‌లారెన్ గోల్ కొట్టాడు, 89వ నిమిషంలో పెట్రాటోస్ పెనాల్టీని లోపలికి పంపాడు, 2-0. ఈస్ట్ బెంగాల్‌కు లీగ్‌లో ఇది వరుసగా ఐదో ఓటమి. మధ్యలో ఒకసారి మా వైపు వింగర్ దూసుకుపోతుంటే అన్వర్ తొందరపడకుండా వెనక్కి జరుగుతూ జరుగుతూ, సరిగ్గా ఆ ఒక్క అడుగు దొరికినప్పుడు కాలు పెట్టి బంతిని లాగేసుకున్నాడు. చుట్టూ ఈలలు, తిట్లు. మనవడు మాత్రం కుర్చీ అంచుకు వచ్చి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టకుండా అలా పెట్టుకున్నాడని నా అనుమానం. నేను వాణ్ణి అడగలేదు.

బయటికొచ్చేసరికి తోపులాట, చెమట, ఎగ్ రోల్ బండి దగ్గర ధర అప్పుడే పది రూపాయలు పెరిగింది. రేపు మార్కెట్‌లో రొయ్యలు కూడా ఇంతేనని పెద్దాయన సంతోషంగా సణిగాడు. ఆ వెలుగులో చూస్తే మనవడి వీపు మీద ప్లాస్టర్ చెమటకు తడిసి ఒక వైపు పూర్తిగా లేచిపోయింది, మొదటి మూడక్షరాలు కనిపిస్తున్నాయి. ఆయన బొటనవేలితో అదిమాడు, అంటుకోలేదు. మళ్లీ అదిమాడు. చివరికి మొత్తం లాగేసి, ఉండ చుట్టి, పారేయడానికి చుట్టూ చోటు చూసి, దొరక్క జేబులో వేసుకున్నాడు.

"ఇంటికెళ్లాక కొత్తది వేస్తాలే," అన్నాడు.

"వద్దు దాదూ, దురద పెడుతోంది," అన్నాడు పిల్లవాడు, రోల్ కొరుకుతూ.