వైజాగ్ ఉక్కలో మంచు చెయిన్లు

చలికాలంలో మనాలి వెళ్దామన్నది బావ ఆలోచన. రైల్లోనో విమానంలోనో కాదు, తన ఇసుజు వీ-క్రాస్ పికప్‌లోనే. సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్ మీదుగా ఉత్తరానికి. "ఫోర్ బై ఫోర్ బండి, నాలుగు చక్రాలూ లాగుతాయి, మనకేం భయం" అన్నాడు. భయం ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. గడ్డకట్టిన మంచు మీద బ్రేకు వేస్తే ఫోర్ బై ఫోర్ అయినా మామూలు బండి అయినా ఒకేలా జారుతుంది. టైరుకి పట్టు ఉండాలి. అందుకే మంచులో పట్టు కోసం టైర్ల చుట్టూ కట్టే చెయిన్లు లేకుండా నేను రానని చెప్పేశాను.

విశాఖలో మంచు చెయిన్లు అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆటోనగర్‌లో ఒకాయన లారీ లోడు బిగించే గొలుసు తెచ్చి ముందు పడేసి, "ఇంతకంటే గట్టిది దొరకదండి" అన్నాడు. చివరికి ఆన్‌లైన్‌లోనే తెప్పించాం. చూడాల్సింది బండి పేరు కాదు, టైరు పక్కన రాసి ఉన్న సైజు. 255/60 ఆర్ 18 అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 18 అంగుళాలు. పెద్ద టైర్లు మార్పించుకున్నవాళ్ళు కంపెనీ పుస్తకంలోని సైజు చూసి కొంటే డబ్బు దండగే.

రకాల విషయంలో మా ఇద్దరికీ పడలేదు. బావకి చవకైన ప్లాస్టిక్ పట్టీలు నచ్చాయి. సామాను వేసుకున్న పికప్ బరువుకి అవి ఆగుతాయన్న నమ్మకం నాకు లేదు. ఇనుములోనూ నిచ్చెన అల్లిక ఉంది, డైమండ్ అల్లిక ఉంది. నిచ్చెన రకంలో అడ్డ గొలుసుల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి బండి పక్కకి జారే వీలుంది. డైమండ్ రకంలో టైరు ఎంత తిరిగినా ఏదో ఒక లింకు నేలని పట్టుకునే ఉంటుంది. ధర ఎక్కువైనా అదే తీసుకున్నాం. కట్టేది వెనక చక్రాలకి. ముందు చక్రాల లోపలివైపు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్ములు దగ్గరగా ఉంటాయి, స్టీరింగ్ తిప్పితే చెయిన్ వాటికి తగలొచ్చు. వెనకైనా సరే, టైరుకీ కమాన్‌పట్టీకీ మధ్య, బ్రేకు పైపు దగ్గర ఎంత సందు ఉందో చెయ్యి పెట్టి చూసుకున్నాకే ఆర్డరు పెట్టాం.

డబ్బా రాగానే ఎంవీపీ కాలనీలో మా అపార్టుమెంటు సెల్లారులో ప్రాక్టీసు మొదలుపెట్టాం. డిసెంబరే గానీ చొక్కాలు తడిసిపోయాయి. వాచ్‌మన్ వచ్చి "ఏటండి బాబూ ఇది, ఏనుక్కి కడతారా?" అని అడిగి, అక్కడే కూర్చుండిపోయాడు. చెయిన్‌ని నేలమీద పరిచి మెలికలు తీయడమే సగం పని. టైరు మీద కప్పాక లోపలివైపు కొక్కెం ముందు తగిలించాలి. అది కంటికి కనపడదు, వేళ్ళతో వెతుక్కోవాలి. తర్వాత బయటి కొక్కెం, ఆపైన బిగింపు. కొక్కేల తెరిచిన నోరు టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి, లేకపోతే టైరు గోడని కోసేస్తాయి. చేతికి గ్లవ్స్ వేసుకుని మరీ కట్టమని బావని సతాయించాను. ఆ ఉక్కలో ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఖాళీ పికప్‌కి వెనక బరువుండదు, అదే దాని బలహీనత. కులూలో ఇసుక బస్తాలు కొని, వెనక ఇరుసుకి సరిగ్గా పైన పడేలా ట్రేలో కట్టేశాం. వైజాగ్ నుంచి మోసుకెళ్తే డీజిల్ దండగ.

మంచు పడిన రోజుల్లో మనాలి దాటాక పోలీసులు ఫోర్ బై ఫోర్ బళ్ళనో, చెయిన్లున్న బళ్ళనో మాత్రమే పైకి వదులుతారు. పల్చాన్ దగ్గర రోడ్డు పక్కన ఆపాం. చెయిన్లు కట్టిపెడతామంటూ కుర్రాళ్ళు చుట్టూ మూగారు. వద్దని, పాత ఫ్లెక్సీ బ్యానరు పరుచుకుని నేనే చక్రం కిందికి దూరాను. గ్లవ్స్ తడిసి వేళ్ళు మొద్దుబారిపోయాయి. మట్టి కలిసిన మంచు చుక్కలు చుక్కలుగా మెడలోకి కారుతోంది. కానీ లోపలి కొక్కెం ఎక్కడుందో వేళ్ళకి తెలుసు, టక్కున తగులుకుంది. వంద మీటర్లు పోయి ఆపి చూస్తే రెండు చెయిన్లూ వదులయ్యాయి. ఇది మామూలే, మళ్ళీ బిగించాలి. గంటకు 50 కిలోమీటర్లు దాటొద్దని డబ్బా మీద ఉంది, మేం అందులో సగం కూడా పోలేదు.

ఆ దారిలోనే అటల్ సొరంగం వస్తుంది. 2020 అక్టోబరు 3న తెరిచిన దాని పొడవు 9.02 కిలోమీటర్లు. లోపల మంచుండదు. పొడి రోడ్డు మీద చెయిన్లు అరిగిపోతాయి, రోడ్డూ పాడవుతుంది. అందుకని ముందే విప్పేసి, సొరంగం దాటాక సిస్సు ఊరి వైపు మళ్ళీ కట్టాం. దిగేటప్పుడు ఫోర్ లోలో, అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా తిరిగే తక్కువ గేరులో పెట్టి, బ్రేకు దాదాపు ముట్టుకోకుండా ఇంజను మీదే వదిలాడు బావ. మాటల్లేవు, పాటల్లేవు, అంత టెన్షన్.

ఇంటికొచ్చాక చెయిన్లు మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, ఆయిల్ రాసి గోనెసంచిలో పెట్టాను. మన సముద్రపు గాలికి ఇనుము ఎన్నాళ్ళు ఆగుతుంది? పై ఫ్లాట్ అంకుల్ సంక్రాంతికి సిమ్లా వెళ్తూ అరువడిగారు. ఆయనది చిన్న కారు, టైరు సైజు వేరు. కుదరదండీ అని చెప్పి, ఆయన టైరు నంబరు మాత్రం కాగితం మీద రాసిచ్చాను.