ఎర్ర మాత్ర వేసుకుంటున్నా రక్తం ఎందుకు పెరగడం లేదు?

"రోజూ మాత్ర వేసుకుంటూనే ఉన్నానండీ, అయినా రక్తం తొమ్మిది దాటట్లేదు." గర్భిణుల ఓపీలో తరచూ వినపడే మాట ఇది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 52.2 శాతం మంది గర్భిణులకు రక్తహీనత ఉంది. ఎర్రటి ఐరన్ మాత్రలేమో ఉచితంగానే ఇస్తున్నారు. మరి తేడా ఎక్కడొస్తోంది? చాలామంది విషయంలో మాత్ర వేసుకునే వేళలోనే.

ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా అని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "పొద్దున టిఫినయ్యాక, టీ తాగేసి, కాల్షియంతో కలిపి ఒకేసారి. లేకపోతే మర్చిపోతానని." మర్చిపోకుండా ఉండటానికి బానే ఉంది గానీ, ఐరన్ ఒంటికి పట్టకుండా ఉండటానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. టీ, కాఫీల్లోని టానిన్లనే పదార్థాలు ఐరన్‌ను పేగులోనే పట్టేసుకుంటాయి. కాల్షియం అడ్డుపడుతుంది. పాలు, పెరుగూ అంతే. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆ ఆమ్లం లేకపోతే ఐరన్ సరిగ్గా కరగదు. అలా మింగిన దాంట్లో చాలాభాగం విరేచనంలో పోతుంది.

థైరాయిడ్ మాత్ర కూడా వాడేవాళ్లకు ఇంకో చిక్కు. దానికీ ఐరన్, కాల్షియంలకీ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి. అన్నీ ఉన్నవాళ్లకు రోజు ఇలా కుదురుతుంది: పొద్దున ఆరింటికి పరగడుపున థైరాయిడ్ మాత్ర. ఎనిమిదిన్నరకు టిఫిన్, టీ. పదకొండింటికి ఐరన్ మాత్ర, ఒక గ్లాసు నిమ్మరసంతో. ఒంటిగంటన్నరకు భోజనం, వెంటనే ఒక కాల్షియం. రాత్రి ఎనిమిదిన్నరకు అన్నం తిన్నాక రెండో కాల్షియం. డాక్టరు రోజుకు రెండు ఐరన్ మాత్రలు రాస్తే రెండోది పడుకోబోయే ముందు, పదిన్నర ప్రాంతంలో. నిమ్మకాయ లేకపోతే జామకాయ ముక్క, ఉసిరికాయ ఏదైనా సరే, కావాల్సింది విటమిన్ సి. ఐరన్‌కు ముందొక గంట, తర్వాతొక గంట టీ, కాఫీ వద్దు.

ఎంత వేసుకోవాలి? రక్తహీనత తగ్గించడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం లెక్క ప్రకారం, రక్తం బాగానే ఉన్నవాళ్లకు నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర మాత్ర. అందులో 60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. గర్భంలో 180 రోజులు, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు. మొదటి మూడు నెలలూ ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, రోజుకు 400 మైక్రోగ్రాములు. హిమోగ్లోబిన్, అంటే "రక్తం ఇంత ఉంది" అని చెప్పే అంకె, 7కీ 10.9కీ మధ్య ఉంటే ఐరన్ రోజుకు రెండు. మందుల షాపులో కొనేవాళ్లు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవాలి. అక్కడ రాసే 200 మి.గ్రా. ఫెర్రస్ సల్ఫేట్ అనే ఐరన్ లవణం బరువే గానీ ఐరన్ బరువు కాదు. "ఎలిమెంటల్ ఐరన్", అంటే అందులో ఉన్న అసలు ఐరన్, ఎంతో చూడాలి, లెక్కలోకి వచ్చేది అదే.

విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేసేవాళ్లున్నారు. అది పట్టకుండా మిగిలిన ఐరన్ రంగే, ప్రమాదం లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం వేరే సంగతి, చూపించుకోవాలి. వాంతి, కడుపులో మంట ఎక్కువైతే మానేయడం కన్నా రాత్రికి మార్చుకోవడమో, తిన్న గంట తర్వాత వేసుకోవడమో మేలు. పట్టేది కొంచెం తగ్గినా, అసలు వేసుకోకపోవడం కన్నా నయమే. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, పళ్లు. అప్పటికీ తగ్గకపోతే మాత్ర రకం మార్చమని అడగండి.

"బిడ్డ నల్లగా పుడుతుందట కదా" అనేది అత్తగార్ల వైపు నుంచి వచ్చే ప్రశ్న. రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మాత్ర నుంచి రాదు, కుంకుమపువ్వు నుంచీ రాదు. "బిడ్డ మరీ పెద్దదై ఆపరేషన్ అవుతుందేమో" అనే భయమూ ఇలాంటిదే. రక్తం తక్కువైతే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు ఉంది గానీ, రక్తం సరిగ్గా ఉన్నందుకు ఎవరికీ ఆపరేషన్ చేయరు.

తిండి సంగతికొస్తే, బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందన్న నమ్మకం గట్టిది. వాటిలో ఉన్న ఐరన్ చాలా తక్కువ. ఆకుకూరల్లో ఉన్నా కొద్దిగానే ఒంటికి పడుతుంది, నిమ్మకాయ పిండుకుంటే కాస్త మేలు. బాగా పట్టేది మాంసం, చేపల్లోది. లివర్‌లో విటమిన్ ఎ మరీ ఎక్కువ, గర్భంలో దాని జోలికి పోకపోవడం మంచిది. ఏం తిన్నా గర్భానికి మొత్తమ్మీద కావాల్సిన ఐరన్ దాదాపు 1000 మి.గ్రా., కంచంలోంచి అంతా రాదు.

అడిగితే తప్ప ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పచ్చి బియ్యం నమలడం, బలపాలు, విబూది, మట్టి, ఐసు ముక్కలు తినాలనిపించడం. వేవిళ్ల కోరికలే అని ఇంట్లో నవ్వేస్తారు. చాలాసార్లు అది ఐరన్ లోపానికి గుర్తు. మట్టితో నులిపురుగులు లోపలికి పోతే ఉన్న రక్తం కూడా తగ్గుతుంది. అందుకే నాలుగో నెల దాటాక నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక్కసారి ఇస్తారు.

ఐరన్ సరిగ్గా వేసుకుంటే హిమోగ్లోబిన్ నెలకు దాదాపు ఒక గ్రాము పెరగాలి. పోల్చేటప్పుడు ఒకే చోట చేయించిన పరీక్షలే పోల్చండి. వేలు గట్టిగా పిండి తీసిన చుక్కలో కణజాలంలోని నీరు కలిసి అంకె తగ్గి కనిపిస్తుంది. ఊళ్లో 9, ల్యాబ్‌లో 10 వస్తే ఒకరు అబద్ధం చెప్పినట్టు కాదు. గర్భం మధ్య నెలల్లో రక్తంలో ద్రవభాగం కణాల కన్నా వేగంగా పెరగడం వల్ల అంకె కొంచెం దిగడం మామూలే.

నెల రోజులు వేళ తప్పకుండా వేసుకున్నా అంకె కదలకపోతే మాత్రల మీద ఇంకో నెల పోనివ్వకండి. రక్తపరీక్ష రిపోర్టులో ఎంసీవీ (ఎర్రకణాల సగటు పరిమాణం) 80 కన్నా తక్కువగా ఉండి, ఎర్రకణాల సంఖ్య మాత్రం బాగానే ఉంటే తలసీమియా వాహకులేమో, అంటే ఆ వంశపారంపర్య రక్తజబ్బును పిల్లలకు అందించగలవాళ్లేమో చూడాలి. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో హిమోగ్లోబిన్ ఎ2 3.5 శాతం దాటితే అనుమానం బలపడుతుంది. అప్పుడు భర్తకూ అదే పరీక్ష, ఆలస్యం చేయకుండా. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి. ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు సికిల్ సెల్ అనే ఇంకో వంశపారంపర్య రక్తజబ్బు పరీక్షా అడగాలి.

రక్తం మరీ తక్కువైనా, నెలలు నిండుతున్నా, మాత్ర పడకపోయినా సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. లెక్క ఇలా: బరువును పెరగాల్సిన హిమోగ్లోబిన్‌తో, ఆపై 2.4తో గుణించి, నిల్వలకు 500 కలపాలి. 50 కిలోల మనిషికి 8 నుంచి 11కు చేరాలంటే 360కి 500 కలిపి 860 మి.గ్రా. ఎక్కించే మందు ఐరన్ సుక్రోజ్ అయితే 200 మి.గ్రా. చొప్పున రోజు విడిచి రోజు, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒక్కసారికి 1000 దాకా ఇవ్వొచ్చు. సూది పెట్టినచోట మంట, వాపు అనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి. మందు నరం బయటకు కారితే గోధుమరంగు మచ్చ చాలాకాలం పోదు. అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి. హిమోగ్లోబిన్ ఏడుకన్నా దిగితే మాత్రలతో ఇంట్లో ఉండే సమయం కాదు. ఐదుకన్నా దిగితే వెంటనే ఆస్పత్రిలో చేరాలి, రక్తం ఎక్కించాల్సి రావొచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ఎర్ర మాత్రలు బీరువా పై అరలో పెట్టండి. చక్కెర పూతతో చాక్లెట్‌లా ఉంటాయి. కొన్ని మాత్రలు మింగినా పసిపిల్లలకు ప్రాణాల మీదికి వస్తుంది, మింగారని తెలిస్తే వాంతులయ్యేదాకా చూడకుండా అట్టతో సహా ఆస్పత్రికి పరుగెత్తాలి.